చేప దిమ్మ మీద గాటు

ఆ సంగతి కుంచెమ్మకి టీ తాగుతుండగా తెలిసింది. అదీ పక్కమనిషి సరదాగా అన్న మాట వల్ల.

"రేపేగా నీ దిమ్మలకి గాట్లు? మొత్తానికి ఒడ్డున పడ్డావు," అన్నాడు సగం కప్పు.

సగం కప్పు ఆ అచ్చు పనిశాలలో రాతి పలకల మీద బొమ్మలు వేసే మనిషి. జన్మలో ఒక్క టీ కూడా పూర్తిగా తాగిన పాపాన పోలేదు. కిటికీ గట్టు మీద, ప్రెస్ పక్కన, రంగు డబ్బాల మధ్య, ఎక్కడ చూసినా అతను వదిలేసిన సగం కప్పులే. అందుకే ఆ పేరు.

"గాట్లదేముంది, మెత్తటి లినోలియం ముక్కలేగా. కొట్టేసుకోండి," అంది కుంచెమ్మ.

"చేప దిమ్మ కూడా కదా."

కుంచెమ్మ నవ్వింది. అతను నవ్వలేదు. కప్పు గట్టు మీద పెట్టి, "నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

కుంచెమ్మ తన కప్పు కింద పెట్టింది.

ఆమె అసలు పేరుకి ఆ దేశంలో ఎవరి నోరూ తిరగలేదు. అందరూ రోలర్లు పట్టుకుని వచ్చే చోటికి ఈవిడ కుంచెలు పట్టుకుని వచ్చింది కాబట్టి వాళ్ళ భాషలో కుంచె అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆ ముచ్చట చెబితే మేనత్త దానికి 'అమ్మ' తగిలించి ఖాయం చేసింది.

ఆ పనిశాలలో ఒక పద్ధతి ఉంది. తలుపు వెనక గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. ఒక బొమ్మకి అనుకున్నన్ని ప్రతులు తీశాక, ఆ కాగితాన్ని తాకిన ప్రతి దిమ్మ మీదా ఈ మూల నుంచి ఆ మూలకి ఉలితో ఒక లోతైన గాటు కొడతారు. గాటు పడ్డ దిమ్మతో ఒక్క ప్రతి తీసి, కొనేవాళ్ళకి చూపిస్తారు. ఈ బొమ్మ ఇక పుట్టదు, మీ దగ్గరున్నవే ఉన్నవి అని దాని అర్థం. కుంచెమ్మ ఆ గోడ ముందు నుంచే రోజూ నడుస్తుంది. వేరేవాళ్ళ లినోలియం ముక్కలకి గాట్లు పడుతుంటే దగ్గరుండి చూసింది కూడా. చేప దిమ్మ ఆ లెక్కలోకి వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఎలా అనుకుంటుంది? ఆమె పుట్టిన ఇంట్లో దిమ్మ అంటే పనిముట్టు. బట్ట మీద దిమ్మతో అచ్చు కొట్టి, పైన కుంచెతో రంగులు నింపేవాళ్ళు ఆ ఇంటి ఆడవాళ్ళు. బట్ట చిరుగుతుంది, రంగు వెలుస్తుంది, మనుషులు పోతారు, దిమ్మ మాత్రం ఉంటుంది. మేనత్త నుంచి మేనకోడలికి, ఆమె నుంచి ఆమె మేనకోడలికి. చేప చెక్కిన ఈ చెక్క దిమ్మా అలా చేతులు మారుతూ వచ్చిందే.

ఈ బొమ్మ మొదట్లో చేప లేకుండానే మొదలైంది. తాము అద్దెకుంటున్న వీధిని లినోలియం మీద చెక్కింది కుంచెమ్మ. ఎత్తైన ఇళ్ళు, వాటి మధ్య బట్టలారేసే తాళ్ళు, కింద బస్సు కోసం నిలబడ్డ జనం. గీతలు అచ్చు వేసి, ఒక్కో కాగితం మీదా తనే రంగులు వేసింది. ఒక ప్రతిలో పొద్దున, ఒక దానిలో వాన, ఇంకోదానిలో దీపాలు పెట్టే వేళ. బాగున్నాయి. బాగుండి ఊరుకున్నాయి. ఏదో చచ్చుదనం. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి, ఇంటి నుంచి చేప దిమ్మ తెచ్చి, దానికి ముదురు నీలం సిరా పట్టించి ఒక కాగితం మీద నొక్కింది. అంతే. మోచేతి పొడవు చేప, బట్టల తాళ్ళ మధ్య నుంచి వీధంతా తనదే అన్నట్టు ఈదుకుంటూ పోయింది. సగం కప్పు ఆ రోజు టీ అసలు ముట్టుకోలేదు.

ఆ సంబరంలో ప్రతులన్నిటి మీదా చేప పడింది. నగరంలో బొమ్మలు గోడలకి వేలాడదీసి అమ్మే పేరున్న గ్యాలరీ ఆవిడ చూసి, ఒక గోడంతా మీ బొమ్మలకే ఇస్తానంది. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి పిల్లల బడుల గోడలకి ఏనుగులు, కొట్ల అద్దాల మీద అక్షరాలు రాసుకుంటూ బతికిన మనిషికి అది నెత్తిన పాలు పోసినట్టయింది. చేప దిమ్మ చేసిన మేలు అది. ఆ మేలుకి రేపు దక్కబోయే బహుమానం ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గాటు.

టీ అక్కడే వదిలేసి లేచింది.

పెద్ద మేస్త్రి కాగితాలు తడిపి ఉంచే పెట్టె దగ్గర ఉన్నాడు. పనిశాల ఆయనదే. మాట కంటే దగ్గు ఎక్కువగా వినిపించే మనిషి.

"మేస్త్రి గారూ, చేప దిమ్మకి కూడా గాటు కొడతారా?"

"కాగితానికి తగిలిందా లేదా?"

"తగిలింది."

"మరింకేం."

"అది నాది కాదండీ. మా మేనత్తది. పైగా అది పనిముట్టు. నా కుంచె లాంటిది. బొమ్మ అయిపోయిందని కుంచె విరగ్గొట్టుకుంటామా?"

"నీ కుంచె రెండోసారి అదే గీత గీస్తుందా? గియ్యదు. దిమ్మ గీస్తుంది," అన్నాడు మేస్త్రి, తడి కాగితాల మధ్య అట్ట సర్దుతూ. "అదమ్మా తేడా. కాస్త ముందు అడిగుంటే చెప్పేవాణ్ణి. నువ్వు అడగలేదు, నీకు తెలుసనుకుని నేనూ చెప్పలేదు."

"ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

మేస్త్రి దగ్గి, తల అడ్డంగా ఊపాడు. "పోయినేడు ఒకాయన అలాగే ఒక పలక పక్కన పెట్టుకున్నాడు. గాటు లేకుండా. మేం మొహమాటపడ్డాం. చాటుగా ఇంకో పాతిక తీసి అమ్ముకున్నాడు. ఒకే వరస అంకె వేసిన ప్రతి ఇద్దరింట్లో దొరికింది. మా పరువు కాలవలో కలిసింది. గ్యాలరీ ఆవిడ ఇక్కడ మళ్ళీ అడుగు పెట్టిందంటే, గాటు తన కళ్ళతో చూసుకుంటానన్న షరతు మీదే. రేపు స్వయంగా వస్తోంది." పెట్టె మూత వేశాడు. "నీకు అంత కష్టంగా ఉంటే ప్రతులన్నీ వెనక్కి తీసుకో. ఇక్కడే చింపేద్దాం. దిమ్మ పట్టుకుని హాయిగా ఇంటికి వెళ్ళు. నేనేం అనుకోను."

దిమ్మా, గోడా. రెంటిలో ఒకటి. అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు.

*

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కుంచెమ్మ భర్త సరుకుల ఓడలో పనిచేస్తాడు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. మిగతా సగం కూడా ఈ ఇంట్లో మాట చెల్లేది మేనత్తదే. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఈ మధ్య ముక్కలు లావుగా, వంకరగా పడుతున్నాయి. ఏమిటత్తా అంటే, "నమలడానికి పళ్ళిచ్చాడుగా దేవుడు," అంటుంది.

కుంచెమ్మ జరిగిందంతా చెప్పింది. మేనత్త కత్తి కింద పెట్టలేదు.

"గాటెందుకటా?"

"మళ్ళీ అచ్చు వెయ్యకుండా."

"వేస్తే ఏం? చేప అరిగిపోతుందా, చెక్క కరిగిపోతుందా?"

"కొన్నవాళ్ళకి నష్టమట. అలాంటిది ఇంకోటి ఎవరింట్లోనూ ఉండకూడదు."

"అబ్బో! మనం కొట్టిన దుప్పట్లు ఊరంతా కప్పుకుంది. పక్కింటివాళ్ళ దుప్పటి మీద అదే చేప ఉందని ఎవరైనా చలితో చచ్చారా?"

"అత్తా, వేళాకోళం కాదు. నాకిచ్చిన దిమ్మని నేనే..."

"ఏయ్ పిల్లా." ఈసారి కత్తి ఆగింది. "నీకు వాడుకోమన్నాను. ఇచ్చానని ఎప్పుడన్నాను?"

నిజమే. ఎప్పుడూ అనలేదు. ఓడ ఎక్కినప్పుడు కూడా ఆవిడ దిమ్మని తన చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది, పెట్టెలో వెయ్యనివ్వలేదు.

"అయితే రేపు చెప్పేస్తాను," అంది చివరికి. "బొమ్మలన్నీ వెనక్కి తీసుకుంటానని."

"తీసుకుని?"

"ఏముంది, మళ్ళీ ఏనుగులు వేస్తాను. పిల్లలకి ఏనుగులంటే ఇష్టం."

మేనత్త ఆమె మొహంలోకి ఒకసారి చూసి మళ్ళీ కూర తరగడం మొదలుపెట్టింది. తిట్టలేదు. అది భయపెట్టింది కుంచెమ్మని. తిట్టని మేనత్తని ఆమె ఎన్నడూ చూడలేదు.

పొద్దున లేచేసరికి మేనత్త పక్క ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు లేవు. భాష రాని మనిషి, ఒంటరిగా బయటికి వెళ్ళని మనిషి. ఆవిడకి తెలిసిన దారి ఒక్కటే. అన్నం గిన్నె పట్టుకుని అప్పుడప్పుడు పనిశాలకి వచ్చే దారి.

కుంచెమ్మ తల కూడా సరిగా దువ్వుకోకుండా బస్సు పట్టుకుంది.

*

పనిశాలలో అడుగు పెడుతూనే సగం కప్పు ఎదురొచ్చాడు.

"చేప దిమ్మ నువ్వు తీశావా?"

"నేనా? లేదు."

"అరలో లేదు. లినో ముక్కలున్నాయి, అది లేదు. నిన్న తలుపు వేసేటప్పుడు నేనే చూశాను, ఉంది."

కుంచెమ్మ అర దగ్గరికి పరుగెత్తింది. దుమ్ములో దిమ్మ ఉన్న చోటు నలుచదరంగా, శుభ్రంగా కనిపిస్తోంది. ప్రెస్ కింద వెతికారు. ఉన్ని దుప్పట్లు దులిపారు. సిరా అద్దాలు, రోలర్ల బల్ల, చెత్త డబ్బా, ఏదీ వదల్లేదు. మేస్త్రి కూడా అటూ ఇటూ తిరిగాడు, దగ్గుతూ.

ఇప్పుడు వెనక్కి తీసుకుంటానని చెప్పడం కూడా కుదరదు. దిమ్మ గాటు పడకుండా ఎక్కడో తిరుగుతోందంటే ప్రతులు చింపేసినా నమ్మేదెవరు? రేపెప్పుడో చేప ఇంకో గోడ మీద తేలితే? పోయినేటి కథే మళ్ళీ. దొంగ ఈసారి తను.

ఎవరు తీశారో ఆమెకి తెలుసు. పొద్దున చెప్పులు లేనప్పుడే తెలిసిపోయింది. తెలిసి నోరు కుట్టుకుంది.

గ్యాలరీ ఆవిడ చెప్పిన వేళ కంటే ముందే వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చేతి సంచి భుజానికి గట్టిగా అదుముకుని. మేస్త్రి సంగతి చెప్పాడు. ఆవిడ కోటు విప్పబోయి ఆగిపోయింది.

"లేదా? లేదంటే ఏమిటి?"

"వెతుకుతున్నాం మేడమ్."

"నేను గాటు చూడ్డానికి వచ్చాను. వెతుకులాట చూడ్డానికి కాదు." కుంచెమ్మ వైపు తిరిగింది. గొంతు పెద్దది చెయ్యలేదు. "మీ బొమ్మలంటే నాకు చాలా ఇష్టం. కానీ దిమ్మ దొరక్కపోతే ఆ గోడ ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఎందుకిచ్చానని అడిగినవాళ్ళకి నిజమే చెబుతాను."

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. మేనత్త. చేతిలో గుడ్డ సంచి. అది ఏదో బరువుతో కిందికి లాగుతోంది.

గదిలో ఉన్న అందరి చూపూ సంచి మీద పడింది. కుంచెమ్మ ఒక్క గంతులో ఆవిడ పక్కకి చేరి, చెవిలో అంది. "అత్తా, ఇచ్చెయ్. నీకు దణ్ణం పెడతాను. నా పరువు పోతోంది."

"ఏమిటే ఇచ్చేది?"

"దిమ్మ."

మేనత్త కళ్ళు పెద్దవి చేసింది. "దిమ్మ లేదా? నువ్వు దాచావా? పోనీలే, ఇన్నాళ్ళకి నా మేనకోడలికి బుద్ధొచ్చిందన్నమాట!"

"నేనెందుకు దాస్తాను?"

"నేను మాత్రం ఎందుకు దాస్తాను? నాది నేను దాచుకోవడమేమిటి, తిక్క మొహమా!"

గ్యాలరీ ఆవిడ దగ్గరికి వచ్చింది. "ఆ సంచిలో ఏముందో చూడొచ్చా అని అడగండి."

కుంచెమ్మ ఆ మాట తెలుగులోకి తిప్పడానికి నోరు తెరిచేలోపే మేనత్తకి అర్థమైపోయింది. ఆ చూపు ఏ దేశంలోనైనా ఒక్కటే. "దొంగతనం అంటగడుతోందా ఆ పొడుగుకాళ్ళావిడ? చూడమను. కళ్ళు పెట్టుకుని చూడమను," అని సంచిని బల్ల మీద బోర్లించింది. గుడ్డ చుట్ట ఒకటి దబ్బున పడింది. ముడి విప్పింది.

ఉలులు. సన్నవి, లావువి, వంపు తిరిగినవి. అప్పుడే నూరించినట్టు తళతళా మెరుస్తున్నాయి.

"పొద్దున్నే తాళాలు బాగుచేసేవాడి కొట్టు ముందు కూర్చున్నాను," అంది మేనత్త. "సైగలు చేసి చేసి చేతులు పడిపోయాయి. వాడు నన్ను ఎవరి తాళమో పగలగొట్టమంటున్నానని అనుకున్నట్టున్నాడు, ఉలులు చూపించేదాకా లోపలికే రానివ్వలేదు."

కుంచెమ్మకి ఏమీ అర్థం కాలేదు. దిమ్మ ఆవిడ దగ్గర లేదు. తన దగ్గర లేదు. మరి?

అప్పుడు పెద్ద మేస్త్రి దగ్గాడు. మామూలు దగ్గు కాదు, గొంతు సవరించుకునే దగ్గు.

"దిమ్మ ఇక్కడే ఉంది," అన్నాడు.

కాగితాలు తడిపే పెట్టె మూత తీసి, పై వరస అట్టలు పక్కకి నెట్టి, అడుగు నుంచి ఆ దిమ్మ తీశాడు. తడి తగలకుండా తన మెడగుడ్డలో చుట్టి ఉంది. అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు.

"మీరా!" అన్నాడు సగం కప్పు. "పొద్దుట్నుంచి చెత్త డబ్బాలో తలపెట్టించారు కదయ్యా నా చేత!"

మేస్త్రి గ్యాలరీ ఆవిడకే చెప్పాడు. "పొద్దున్నే వచ్చాను. ఎవరూ లేనప్పుడు నేనే గాటు కొట్టేస్తే ఈ అమ్మాయికి ఆ బాధ తప్పుతుందని. ఉలి పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఎక్కడ ఉలి ఆనిద్దామన్నా అక్కడ ఎవరో ఒకరు పనిచేసి ఉన్నారు. ఒక్కటి కాదు, వేరు వేరు చేతులు. దొరక్కపోతే మీరు ఇవాళ్టికి వెళ్ళిపోతారు, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. అంతకంటే ముందుకి ఆలోచించలేదు."

కుంచెమ్మ ఆ మాటలు మేనత్తకి చెప్పింది. మేనత్త మేస్త్రిని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది.

"కళ్ళున్నవాడే," అంది. "ఇలా తెమ్మను."

దిమ్మని కిటికీ వెలుగులో బల్ల మీద పెట్టారు. మేనత్త వేలు చేప మీద నడిచింది.

"ఇదిగో ఈ పొలుసులు మొదటావిడవి. అంతకుముందు ఇది ఉట్టి నల్లటి చేపట, ఒంటి మీద ఒక్క గీత లేదు. ఈ తీగ ఆవిడ మేనకోడలు చెక్కింది. కడుపులో పడవ చూశావా, అది మా అత్తది. ఆవిడ మొగుడు నీళ్ళలో పోయాడు. ఈ పిట్ట నాది."

కుంచెమ్మ చిన్నప్పట్నుంచి ఆ చేపని చూస్తోంది. దాని ఒంటి మీద పొలుసు, తీగ, పడవ, పిట్ట అన్నీ కలిపి ఎవరో ఒకేసారి చెక్కారనే అనుకుంది. "నాకెప్పుడూ చెప్పలేదేం అత్తా?"

"చెబితే ఇచ్చెయ్యాలి కదే. దిమ్మ చేతికొచ్చినావిడ ముందు తన ఉలి పెట్టాలి. పెట్టాక పాత చేప ఇక రాదు. మా అత్త కొట్టిన దుప్పటి మీది చేప మళ్ళీ నేను కొట్టలేను. ఆ గోడ మీద వీళ్ళు ఏదో రాసుకున్నారే, అదే మన పద్ధతి కూడా, మన ఇంట్లో ఎవరూ రాసుకోలేదు అంతే." మేనత్త తన కుడి చెయ్యి ఎత్తి వెలుగులో పెట్టింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. దాచడానికి ప్రయత్నించలేదు ఈసారి. "ఇంకొన్నాళ్ళు నాదే అనిపించుకుందామనుకున్నాను. కూర ముక్కలే సరిగా తరగలేని చేతికి ఇంకా దిమ్మెందుకు? నీకోసమే ఈ ఉలులు నూరించాను. తీసుకో."

ఆ మాట చాలా మామూలుగా అంది, ఉప్పు డబ్బా అందించినట్టు.

"ఏమంటున్నారు ఆవిడ?" అంది గ్యాలరీ ఆవిడ.

కుంచెమ్మ చెప్పింది. పొడుగుకాళ్ళు వగైరా వదిలేసి, కావలసిందే చెప్పింది. తోక అంతా ఇంకా నలుపే, అక్కడ నేను చెక్కుతాను, చెక్కాక ఈ బొమ్మ ఇక పుట్టదు అంది.

గ్యాలరీ ఆవిడ పెదవి విరిచింది. "నేను గాటు అడిగాను. ఇది అలంకారం."

"మేడమ్, మీ భయం ఏమిటి? ఇదే బొమ్మ మళ్ళీ రాకూడదనేగా," అన్నాడు మేస్త్రి. "చెక్క తిరిగి మొలవదు. ఇంకో మాట చెబుతాను వినండి. ఒక్క గాటు అయితే లప్పం పెట్టి పూడ్చెయ్యొచ్చు. పోయినేడు ఆయన అదీ ప్రయత్నించాడు. ఒంటినిండా చిన్న చిన్న చెక్కుళ్ళు పడ్డాక పూడ్చడం ఎవడి తరమూ కాదు."

ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "నా కళ్ళ ముందు చెక్కాలి."

ఇక మిగిలింది కుంచెమ్మ. ఉలి చేతిలోకి తీసుకుంది. లినోలియం వెన్నలాంటిది, ఎటు తిప్పితే అటు వస్తుంది. ఇది తరాలుగా నూనె తాగి రాయైపోయిన చెక్క. "నాకు దీని మీద చెయ్యి తిరగదు అత్తా. పాడుచేస్తాను."

"గియ్యడం వచ్చుగా. ముందు అది కానియ్."

కుంచెమ్మ ఉలి కింద పెట్టి సన్న కుంచె తీసింది. తెల్లరంగులో ముంచింది. నల్లటి తోక మీద ఏం గియ్యాలో ఆలోచించాల్సిన పని పడలేదు. ఇన్ని నెలలుగా ఒక్కో కాగితం మీదా ఆ వీధికే రంగులు వేసింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. కిటికీ. దాని పక్కన కిటికీ. పైన ఇంకో వరస. ఒకటి సగం తెర వేసినది, ఒకటి పూలకుండీ ఉన్నది.

"తిరగేసి గియ్యాలి, మరిచిపోకు," అన్నాడు సగం కప్పు వెనకనుంచి.

"కిటికీలకి కుడేమిటి, ఎడమేమిటి? నీ టీ నువ్వు తాగు."

గీసిన గీత వెంట ఉలి నడిపింది. మొదటి కిటికీ మొరాయించింది. రెండోది లొంగింది. మేనత్త పక్కనే నిలబడి, "వంచు... ఇంకా వంచు... చెక్కతో దెబ్బలాడకు, అడుగు," అంటోంది. ఆ మాటలు ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ తలలాడిస్తున్నారు. గ్యాలరీ ఆవిడ మొదట్లో గడియారం చూసుకుంది. తర్వాత మానేసింది.

పై వరస చివర, తోక ఒంటికి కలిసే చోట, ఉలి జారింది.

ఒక సన్నటి గీత, తెల్లగా, తోక దాటి వెళ్ళి మేనత్త చెక్కిన పిట్ట కడుపులోంచి దూసుకుపోయింది.

కుంచెమ్మ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. మేస్త్రి దగ్గు కూడా ఆపుకున్నాడు.

మేనత్త వంగి, దిమ్మ మీదికి మొహం ఆనించి చూసింది. పొట్టు ఊదేసింది. మళ్ళీ చూసింది.

"ఈ పిట్ట మొదట్నుంచీ మరీ బలిసినట్టుండేది," అంది. "ఇప్పుడు కాస్త నడుము వచ్చింది. ఊఁ, కానియ్, చెయ్యి చల్లారనివ్వకు."

కుంచెమ్మ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. చెక్కింది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. లినో ముక్కలకి మాత్రం మామూలుగానే గాట్లు పడ్డాయి. మేస్త్రి స్వయంగా సిరా కలిపాడు. రోలరు దిమ్మ మీద చిటచిటలాడుతూ నడిచింది. తడి కాగితం పరిచి, దుప్పటి కప్పి, సగం కప్పు ఇనుప చక్రం తిప్పాడు. పలక కిందికి దిగి నొక్కి లేచింది. కాగితం రెండు మూలలూ పట్టుకుని కుంచెమ్మ మెల్లగా ఎత్తింది.

ముదురు నీలం చేప. తోకలో ఒక వీధి, దీపాలు వెలిగించిన కిటికీలతో. పిట్ట కడుపు మీద వెంట్రుకంత తెల్లగీత.

పక్కనే పాత చేప ఉన్న ప్రతి పెట్టారు. గ్యాలరీ ఆవిడ రెండూ మార్చి మార్చి చూసింది. తోక మీద, పిట్ట మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి చూసింది. పూడ్చే వీలుందా అని దిమ్మని వెలుగుకి వాల్చి మరీ చూసింది. మేస్త్రి వైపు తిరిగి, "సరే. ఆ పాతది ఇక రాదు," అంది. తర్వాత కుంచెమ్మతో, "గోడ మీకే. కానీ ఈ కొత్తది మొదట వేలాడాలి, ఎందుకు చెక్కారో కింద రాసి. కొనేవాళ్ళు చూడాలి."

"ఈ కొత్తదానివి ఇంకా ఎన్ని తీస్తారు?" అని కూడా అడిగింది వెళ్ళబోతూ, కాస్త ఆశగా.

"అది మా ఇంటి సంగతి అని చెప్పు," అంది మేనత్త, ప్రశ్న ఏమిటో తెలియకుండానే.

"ఆలోచించి చెబుతానంటోందండీ," అంది కుంచెమ్మ.

*

ఇంటికి వెళ్ళే బస్సులో మేనత్త కిటికీ పక్కన కూర్చుంది. దిమ్మ కుంచెమ్మ ఒళ్ళో ఉంది, గుడ్డలో చుట్టి. బరువుగానే ఉంది. పాత చేప ఇంక లేదన్న బెంగ ఇంకా వదల్లేదు. దుప్పట్ల మీద తను చూసి పెరిగిన చేప అది. ఇవాళ పొద్దుటిదాకా ఉన్నది.

"అత్తా, మీ అత్త చేప పోయినప్పుడు నీకు బాధ అనిపించలేదా?"

"ఎందుకనిపించలేదు? అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం శుభ్రంగా తిని పడుకుంది." మేనత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తోంది. "ఇప్పుడు తెలిసింది ఎందుకో. ఆకలేస్తోందే నాకు."

బస్సు రెండు వీధులు దాటింది.

"ఏదీ, ఒకసారి విప్పు," అంది మేనత్త. కుంచెమ్మ గుడ్డ తొలగించింది. ముసలావిడ కళ్ళు చికిలించి తోకలోకి చూసింది. "ఇన్ని కిటికీలు చెక్కావు. ఇందులో మనది ఏదే?"

కుంచెమ్మ చూపించింది. పై వరసలో మూలది. పూలకుండీ పక్కది.

మేనత్త దాన్ని వేలితో తడిమింది. లోతుగా, శుభ్రంగా పడింది, తెల్లగా.

"అంటే లైటు ఆర్పకుండానే వచ్చామన్నమాట," అంది.